టెక్ సందేహాలు: షేరు కొనే ముందు కంపెనీ అసలు పత్రాలు చూడటం ఎలా?

ప్రశ్న: ఒక కంపెనీ షేర్లు కొందామని చూస్తే, దాని లాభం రెండు యాప్‌లలో రెండు రకాలుగా కనిపిస్తోంది. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌లో మూడో అంకె ఉంది. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఈ మూడింటిలో దేన్నీ ఆఖరి మాటగా తీసుకోకండి. యాప్‌లు చూపే అంకెలు కంపెనీ దాఖలు చేసిన పత్రాల నుంచి తీసుకున్నవే. తేడా వచ్చిందంటే తప్పు జరిగిందనే అనుకోనక్కర్లేదు. ఒక యాప్ మాతృసంస్థ ఒక్కదాని లాభాన్ని, మరొకటి అనుబంధ సంస్థలతో కలిపిన కన్సాలిడేటెడ్ లాభాన్ని చూపుతుండవచ్చు. లేదా ఒకటి ఆర్థిక సంవత్సరాన్ని, ఇంకొకటి గడిచిన నాలుగు త్రైమాసికాలను లెక్కలోకి తీసుకుని ఉండవచ్చు. వాట్సాప్ పీడీఎఫ్‌ను ఎవరు తయారుచేశారో, మధ్యలో ఎవరు మార్చారో తెలుసుకునే దారి లేదు కనుక దాన్ని పక్కన పెట్టేయండి.

లిస్టెడ్ కంపెనీలు (స్టాక్ ఎక్స్ఛేంజీల్లో షేర్లు చేతులు మారేవి) త్రైమాసిక ఫలితాలను 45 రోజుల్లోగా, వార్షిక ఫలితాలను 60 రోజుల్లోగా స్టాక్ ఎక్స్ఛేంజీలకు సమర్పించాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఆ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు వెతికితే ఈ ఫలితాలతో పాటు ప్రకటనలు, వార్షిక నివేదికలు, వాటాదారుల వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకేలా వినిపించే పేర్లు చాలా ఉంటాయి కాబట్టి, షేరును గుర్తుపట్టే 12 అక్షరాల ఐఎస్ఐఎన్ సంఖ్యను సరిపోల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా కంపెనీలు సంతకం చేసిన కాగితాలను స్కాన్ చేసి పెడతాయి; అలాంటి పీడీఎఫ్‌లో ఏ పదం వెతికినా దొరకదు. ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ అక్షరాలుగా మారుతుంది. ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’ (ఖాతాలపై ఆడిటర్ అభ్యంతరం), ‘రిలేటెడ్ పార్టీ’ (కంపెనీకి, యాజమాన్యానికి సంబంధమున్న వ్యక్తులు, సంస్థలు), ‘కంటింజెంట్ లయబిలిటీస్’ (ముందుముందు మీద పడే అవకాశమున్న బాధ్యతలు) అనే మాటల ఇంగ్లిష్ రూపాలను అందులో వెతకండి. మార్చే క్రమంలో పట్టికల్లోని అంకెలు చెదిరిపోతాయి కనుక, ఆ మాట ఏ పేజీలో ఉందో చూసుకుని, చదవడానికి మాత్రం మూల పీడీఎఫ్‌కే రండి. పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్‌ను దయచేసి వదిలేయకండి. లాభం ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది.

అయితే దాఖలైన పత్రమంటే నిజమని ఎక్స్ఛేంజీ పూచీ పడిన పత్రమని కాదు. ఈ సంగతి హైదరాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖతో బయటపడింది. ప్రమోటర్లు (కంపెనీని తమ అదుపులో ఉంచుకున్న యజమానులు) తాకట్టు పెట్టిన షేర్ల వివరాలను వెల్లడించడం సెబీ తప్పనిసరి చేసింది కూడా ఆ నెలలోనే. అందుకే వాటాదారుల పట్టికలో ఆ తాకట్టు గడిని తప్పకుండా చూడండి. త్రైమాసికం తర్వాత త్రైమాసికం ఆ శాతం పెరుగుతుంటే ఆగి ఆలోచించాలి.

కంపెనీ చెప్పిన మాటకు బయటి నుంచి ఇంకో చూపు కూడా కావాలి. కంపెనీ అప్పులకు రేటింగ్ ఉంటే, క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థల వెబ్‌సైట్లలో ఆ రేటింగ్ ఎందుకిచ్చారో వివరించే నివేదిక ఉచితంగా దొరుకుతుంది. కంపెనీ సమాచారం ఇవ్వకుండా సహకరించకపోతే ఆ మాట కూడా అందులో రాస్తారు. చిన్న కంపెనీల విషయంలో నేను అన్నిటికంటే ముందు చూడమనేది ఈ నివేదికనే.

ప్రశ్న: త్వరలో ఐపీవోకు (తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మడానికి) వస్తుందంటూ ఒక అన్‌లిస్టెడ్ కంపెనీ షేర్లు కొనమని తెలిసినవారు అడుగుతున్నారు. వివరాలు ఎలా తెలుసుకోవాలి? – ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు ఆ కంపెనీ సీఐఎన్ అడగండి. అది 21 అక్షరాల గుర్తింపు సంఖ్య. డాక్టర్ రెడ్డీస్‌ సీఐఎన్ ‘ఎల్’తో మొదలవుతుంది, మధ్యలో ‘టీజీ’, ఆ వెంటనే 1984 ఉంటాయి. అంటే లిస్టెడ్ కంపెనీ, తెలంగాణలో నమోదు, పుట్టిన ఏడాది 1984 అన్నమాట. లిస్ట్ కాని కంపెనీలకు మొదటి అక్షరం ‘యు’. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఈ సంఖ్య కొడితే ప్రాథమిక వివరాలు వస్తాయి. 100 రూపాయల రుసుము కడితే దాఖలైన ఆర్థిక నివేదికలు చూడవచ్చు. ఇక ఐపీవో మాట నిజమైతే, కంపెనీ వివరాలు చెప్పే ముసాయిదా ప్రాస్పెక్టస్ సాధారణంగా సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. గోప్యంగా దాఖలు చేసే పద్ధతి కూడా ఉంది గానీ, అప్పుడైనా దాఖలు చేసిన విషయాన్ని కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. ఆ రెండూ లేకపోతే డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒక ‘నిపుణుడు’ ట్రేడింగ్ యాప్ లింక్ పంపాడు. ఇన్‌స్టాల్ చేయవచ్చా? – ఒక విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: వద్దు. వీడియోలో పేరున్న వ్యక్తి ముఖం కనిపించినా నమ్మకండి. ఎన్ఎస్ఈ అధిపతి ముఖంతోనే డీప్‌ఫేక్ (కృత్రిమ మేధతో చేసిన నకిలీ) వీడియోలు తిరుగుతున్నాయని 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థే హెచ్చరించింది. సలహాదారు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య సెబీ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. అసలు సలహాదారుల పేర్లనే మోసగాళ్లు వాడుకుంటున్నారు కాబట్టి, జాబితాలోని ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా మీకు వచ్చినవాటితో సరిపోవాలి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చాట్‌ను, యూపీఐ లావాదేవీ సంఖ్యను చెరిపేయవద్దు.