తాతగారి పుస్తకంలో ఏం రాయాలి?

ప్రశ్న: మా తాతగారు పోయినేడాది కాలం చేశారు. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. ఆయన సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే దళంలో పనిచేశారు, 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఉన్నారు. పెన్షన్ మీద ఊరికొచ్చాక చేతనైనన్నాళ్లూ వడ్రంగమే చేశారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం అచ్చు వేయించి బంధువులకు పంచాలనుకుంటున్నాం. యుద్ధం గురించి ఎప్పుడడిగినా “అక్కడ చలి ఎక్కువమ్మా” అనేవారు, అంతే. పెట్టెలో మూడు పతకాలు, డిశ్చార్జి బుక్కు, నాయనమ్మకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. బాబాయి ‘వీర సైనికుడు’ అని పేరు పెడదామంటున్నారు. తెలియనివి రాసేస్తామేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక మనవరాలు, అద్దంకి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నన్ను కదిలించింది. మా తాతయ్య కూడా మద్రాస్ సాపరే. ఆయనది కమ్మరం. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊరికి మిలటరీ ఊరని పేరుంది, దాని గురించి రాసేవాళ్లున్నారు. మన ఊళ్లలో మిలటరీకి వెళ్లొచ్చింది ఒకరో ఇద్దరో. వాళ్ల సంగతి ఇంట్లోవాళ్లు రాయకపోతే ఇంకెవరూ రాయరు. అందుకే ఈ పుస్తకం తప్పకుండా వేయండి.

ముందు డిశ్చార్జి బుక్కు తెరవండి. అందులో నంబరు, ర్యాంకు, చేరిన తేదీతో పాటు ‘ట్రేడ్’ అని ఉంటుంది. సాపర్లంటే ఇంజనీరింగ్ దళం. వంతెన వేయాలన్నా, దారి తీయాలన్నా, మందుపాతరలు ఏరాలన్నా వాళ్లే. వాళ్లలో వడ్రంగి, కమ్మరి, తాపీ పనివాడు అందరూ ఉంటారు. మీ తాతగారి ట్రేడ్ కూడా వడ్రంగమే అయితే, ‘సైనిక జీవితం’, ‘వృత్తి జీవితం’ అని రెండు అధ్యాయాలుగా విడదీయకండి. ఆ చేతులు ఆ పనే అక్కడా చేశాయి, ఇక్కడా చేశాయి.

పతకాల విషయంలో మీ భయం సబబే. పూర్వీ స్టార్ తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) వైపు పనిచేసినవాళ్లకు, పశ్చిమీ స్టార్ పడమటి సరిహద్దులో పనిచేసినవాళ్లకు ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ ఆ యుద్ధకాలంలో సేవకు ఇచ్చింది. 1972లో స్వాతంత్ర్యానికి 25 ఏళ్లు నిండినందుకు ఇచ్చిన పతకం కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. ఇవేవీ శౌర్య పతకాలు కావు. పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాయండి, గౌరవానికి లోటేమీ రాదు.

ఉత్తరాల మీద అడ్రసు చూడండి. యుద్ధరంగం నుంచి వచ్చే జాబు మీద ఊరి పేరు ఉండదు, ‘56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ అనో ఉంటుంది (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు). మొదటిది ఢిల్లీ మీదుగా, రెండోది కలకత్తా మీదుగా నడిచే మిలటరీ తపాలా. ఆయన ఎటువైపు ఉన్నారో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. చలి అన్నారంటే పడమటి వైపేమో అని నాకు అనిపిస్తోంది. అక్కడ షకర్‌గఢ్ దగ్గర బసంతర్ నది దాటడానికి, డిసెంబరు 15 రాత్రి మందుపాతరల మధ్య ట్యాంకులకు దారి చేసింది సాపర్లే. మర్నాడు ట్యాంకు దళంలోని యువ అధికారి అరుణ్ ఖేతర్పాల్ ప్రాణమిచ్చి పోరాడింది ఆ నది అవతలే. అయితే బుక్కులో ఆయన యూనిట్ పేరు సరిపోలితేనే ఈ సంగతి పుస్తకంలోకి ఎక్కించండి.

ఊరి పని గురించి మాత్రం తనివితీరా రాయండి. అది చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నేను చూసింది చెబుతాను. వడ్రంగి ఆకులు (నడిమి నుంచి అంచుకు వెళ్లే కొయ్యలు), పూటీలు (అంచు చెక్కలు) కూర్చి బండిచక్రం తయారుచేసి తెస్తే, ఇనప పట్టా ఎక్కించేది మా తాతయ్య. పట్టా చుట్టుకొలత చక్రం కన్నా వేలెడు తక్కువ ఉంచేవారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, ఇద్దరూ పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించి సుత్తులతో దిగ్గొట్టేవాళ్లు. కొయ్య అంటుకుని పొగ లేస్తుండగానే బిందెలతో నీళ్లు. పట్టా ముడుచుకుంటుంటే ఆకులు టకటకమని కీళ్లలో కూర్చునేవి. ఆ చప్పుడు విని వడ్రంగి “కుదిరింది” అనేవాడు, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఇలాంటివి మీ ఊరి రైతులకు గుర్తుంటాయి. ఎవరింటి గుమ్మం మీ తాతగారు చేశారు, ఎవరి బండి, ఏ కొయ్యకు ఏమనేవారు, కూలీ ధాన్యంగా తీసుకున్నారా డబ్బుగానా, వెళ్లి అడగండి. మనిషి దొరికేది అక్కడే.

నాయనమ్మగారిని అందరికంటే ముందు కూర్చోబెట్టుకోండి. యుద్ధం జరిగిన ఆ డిసెంబరులో ఆవిడ ఊళ్లో ఎలా ఉన్నారో, జాబు రాకపోతే ఎవరిని అడిగారో, ఎవరు చదివిపెట్టారో రాసుకోండి. ఆ పుస్తకంలో సగం ఆవిడదే అవ్వాలి.

పేరంటారా, ఆయన నంబరు, ర్యాంకు, పేరు వేసి కింద ‘వడ్రంగి’ అని వేయండి. బాబాయిగారు కాదనరు. బుక్కులో అక్షరాలు చెరిగిపోయి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకు ఎలా రాయాలో చెబుతారు. ఎటూ వెళ్తున్నారు కాబట్టి నాయనమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే పెన్షన్ కాగితాల్లోనూ ఉన్నాయో లేదో అప్పుడే చూపించుకురండి.