శబ్దాల ముక్కల్ని (శాంపుల్స్‌ని) రికార్డు చేసుకుని వాయించే రెండు చిన్న శాంప్లర్లు కలిపి బీట్ చేస్తుంటే కాసేపటికే తాళం తప్పుతున్నాయి, పైగా గుయ్యిమనే శబ్దం. ఏం చేయాలి?

మీ దగ్గర టీనేజ్ ఇంజనీరింగ్ ఈపీ-133, రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2 ఉన్నాయనీ, ఈపీ నుంచి ఎస్పీకి ఆడియో వైరు పెట్టి రెండింట్లోనూ 90 టెంపో (నిమిషానికి 90 బీట్లు) పెట్టినా నాలుగైదు బార్లు (ఒక్కోటి నాలుగు బీట్లు) దాటేసరికి తేడా వస్తోందనీ రాశారు. నా దగ్గరా అవే రెండు ఉన్నాయి. విజయవాడ గవర్నర్‌పేటలో మేడమీది గదిలో కూర్చుని నేనూ సరిగ్గా ఈ ఇబ్బందే పడ్డాను.

మీరు పెట్టిన వైరులో శబ్దం వెళ్తుంది, కాలం వెళ్లదు. అసలు సంగతి అదే. మా వీధి రామాలయంలో శనివారం భజన జరుగుతుంది. పదిమంది చేతుల్లో తాళాలున్నా అందరి చెవులూ ఒక్క పెద్దాయన మీదే ఉంటాయి. ఆయన వేగం పెంచితే పెంచుతారు, ఆపితే ఆపుతారు. మీ రెండు మెషీన్లలో ఇప్పుడు ఇద్దరు పెద్దాయనలున్నారు. ఎవరి 90 వారిదే. రెండు ప్లే బటన్లూ ఒకేసారి నొక్కామనుకున్నా వేళ్ల మధ్యే కొంత తేడా ఉంటుంది, ఆ పైన అది పెరుగుతూ పోతుంది.

కాబట్టి రెండో వైరు కావాలి, మిడి (సంగీత మెషీన్లు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) కోసం. మిడి క్లాక్ అంటే ఒక్కో బీట్‌కు 24 సార్లు వెళ్లే చిన్న సంకేతం. దాంతోపాటే స్టార్ట్, స్టాప్ కూడా వెళ్తాయి. ఈపీ మిడి ఔట్ నుంచి ఎస్పీ మిడి ఇన్‌కి 3.5 ఎంఎం స్టీరియో వైరు చాలు. పిన్ను మీద రెండు నల్ల గీతలుండే మామూలు ఆక్స్ వైరే. ఈపీ సెట్టింగ్స్‌లో క్లాక్ బయటికి పంపడం ఆన్ చేయండి, ఎస్పీని బయటి క్లాక్ తీసుకునేలా పెట్టండి. ఇకమీదట ఈపీలోనే ప్లే నొక్కాలి. తాళం ఈపీ చేతిలో ఎందుకంటే డ్రమ్ ప్యాటర్న్ అందులోనే కడతాం కదా. ఎస్పీని ఎఫెక్టులకూ, వాయించింది మళ్లీ రికార్డు చేసుకోవడానికీ వదిలేయండి.

రేపు ఐదు పిన్నుల పాత కీబోర్డు కలపాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. 3.5 ఎంఎం పిన్నును ఐదు పిన్నులకు మార్చే అడాప్టర్లలో టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాలున్నాయి. చూడటానికి రెండూ ఒకటే, లోపలి వైరింగ్ తిరగబడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికింది కొనేసి, రెండు సాయంత్రాలు సెట్టింగ్స్ తిరగేస్తూ మెషీనే పోయిందని టెన్షన్ పడ్డాను. చివరికి రిపేర్ షాపులో ఒకాయన మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.5 ఎంఎం పిన్ను కొస వెళ్లి నాలుగో పిన్నుకు తగులుతోంది. టైప్ ఏలో కొస ఐదో పిన్నుకు, రింగు (రెండు గీతల మధ్య భాగం) నాలుగో పిన్నుకు వెళ్లాలి. ఎస్పీకి కావాల్సింది టైప్ ఏ. కొనేముందు అది రాసి ఉందో లేదో చూడండి.

ఇక గుయ్యిమనే శబ్దం. రెండింటినీ లాప్‌టాప్‌కో, ఒకే చార్జర్‌కో పెట్టి ఉంటారు. కరెంటు దారిలో ఒకసారి, ఆడియో వైరు దారిలో ఇంకోసారి రెండు మెషీన్ల గ్రౌండ్ కలిసి చుట్టులా తయారవుతుంది, హమ్ అక్కడే పుడుతుంది. ఈపీని నాలుగు ట్రిపుల్ ఏ బ్యాటరీల మీద నడపండి, ఎస్పీ ఒక్కదాన్నే చార్జర్‌కో పవర్ బ్యాంకుకో పెట్టండి. నాకు ఆ క్షణంలోనే ఆగిపోయింది.

ఆడియో వైరు కూడా ఒకసారి చూసుకోండి. ఈపీ ఔట్ ఒకే స్టీరియో జాక్, ఎస్పీ లైన్ ఇన్ ఎడమకొకటి కుడికొకటి, రెండు పెద్ద మోనో జాక్‌లు. అటు ఒకటి, ఇటు రెండు ఉండే వైరు తీసుకోవాలి. అడాప్టర్ తగిలించి ఒక్క జాక్‌లోనే గుచ్చితే ఒక పక్క శబ్దం పోతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా బీట్ తడబడుతున్నట్టు అనిపిస్తే క్లాక్‌ను తప్పుపట్టకండి, శాంపుల్ మొదలు చూడండి. నన్ను అన్నిటికంటే ఎక్కువ రోజులు ఏడిపించింది ఇదే. 90 టెంపోలో ఒక బీట్ 0.667 సెకను, అందులో నాలుగో వంతు, అంటే ఒక గడి, 0.167. దెబ్బకు ముందు 0.03 సెకను ఖాళీ మిగిలినా ఆ చిన్న గడిలో దాదాపు ఐదో వంతు ఆలస్యం అవుతుంది. చెవికి అది ‘ఏదో బరువుగా ఉంది’ అనిపిస్తుందే తప్ప ఎక్కడుందో దొరకదు. ఆ ఖాళీ పోయేలా, దెబ్బ మొదలయ్యే చోటికి స్టార్ట్ పాయింట్ జరపండి. ప్రతి డ్రమ్ శబ్దానికీ చేయాల్సిందే, ఓపిక పట్టండి.

సింక్ అయిందని (తాళం కలిసిందని) అంతా లైవ్‌లోనే నడపాలని లేదు. ఈపీలో నాలుగు బార్లు బాగా కుదిరితే వాటిని ఎస్పీలోకి రికార్డు చేసేసుకోండి. 90 దగ్గర నాలుగు బార్లు 10.67 సెకన్లు, ఆ పొడవుకే కోయండి. రికార్డు నొక్కడం మర్చిపోయినా ఎస్పీలో స్కిప్ బ్యాక్ ఉంది, అప్పటికే వాయించిన గత 25 సెకన్లను తెచ్చిస్తుంది. ఈపీ విడుదలైనప్పుడు మెమరీ 64 ఎంబీ మాత్రమే, కాబట్టి పొడవైనవన్నీ ఎస్పీలో ఉంచడం అలవాటు చేసుకోండి. 1987లో వచ్చిన ఈ-ము కంపెనీ శాంప్లర్ ఎస్పీ-1200లో మొత్తం శాంప్లింగ్ సమయం దాదాపు 10 సెకన్లే. అప్పటివాళ్లు 33 స్పీడు గ్రామఫోన్ రికార్డును 45లో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్లీ వేగం తగ్గించేవాళ్లు. శబ్దం కొంచెం గరుకుగా మారేది, ఆ గరుకుదనం కోసమే ఇప్పటికీ మనం వెతుకుతున్నాం. ఫోన్‌లో వేగం రెట్టింపు చేసి ఈపీలోకి ఎక్కించి, అక్కడ పిచ్ (శ్రుతి) తగ్గించి చూడండి.

డప్పు లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) విషయం కూడా అడిగారు. దాన్ని క్వాంటైజ్ చేయకండి (దెబ్బల్ని సమానమైన గడుల్లోకి జరపకండి), దయచేసి. మూడుగా నడిచే దెబ్బను పదహారు గడుల్లోకి నెడితే నడక చచ్చిపోతుంది. డప్పును మొత్తం లూప్‌గా ఎస్పీలో అలాగే ఉంచి, ఈపీలో బరువు దెబ్బ దగ్గర మాత్రం కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) వేయండి. సినిమా పాటలు కోయడం కంటే ఇలా సొంతంగా రికార్డు చేసుకున్నదే మేలు, అప్‌లోడ్ చేశాక కాపీరైట్ గొడవ ఉండదు.

మీరుండేది గుంటూరు. మిర్చి యార్డులో హమాలీలు టిక్కీని (మిర్చి బస్తాను) భుజం మీంచి దించేటప్పుడు వచ్చే ‘ధప్’ వినండి. అడుగున బరువుగా, పైన మెత్తగా ఉంటుంది. ఫోన్‌ను అర గజం దూరంలో పెట్టి నాలుగైదు సార్లు రికార్డు చేయండి, కిక్ దొరికినట్టే. ఇంట్లో గుప్పెడు ఎండుమిరపకాయలు స్టీలు డబ్బాలో వేసి ఊపండి. లోపలి గింజల గలగల షేకర్‌గా ఎంత బాగుంటుందో! నేను ఆ రెండింటితోనే 84 టెంపోలో ఒక లూప్ కట్టుకున్నాను, ఇప్పటికీ కొత్త వైరు ఏది కొన్నా ముందు దాన్నే వేసి చూస్తాను.