పంటి ఎక్స్‌రే: ఫిల్మ్ ఎవరు పట్టుకోవాలి?

ప్రశ్న: డెంటల్ క్లినిక్‌లో సహాయకురాలిని. పిల్లల నోట్లో ఫిల్మ్ కదలకుండా నన్నే వేలితో నొక్కి పట్టుకోమంటున్నారు. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: పట్టుకోకండి. ఆ వేలు సరిగ్గా కిరణాల దారిలోనే ఉంటుంది. ఒక్క పంటి ఎక్స్‌రేకి రేడియేషన్ మోతాదు చాలా తక్కువే, కాకపోతే రోగికి అది ఎప్పుడో ఒకసారి, మీకు రోజూ. ఫిల్మ్ హోల్డర్ తెప్పించమని గట్టిగా అడగండి, పెద్ద ఖర్చేమీ కాదు. పిల్లవాడు మరీ కదులుతుంటే వెంట వచ్చిన పెద్దవాళ్లు కిరణాలను ఆపే సీసపు ఏప్రాన్ వేసుకుని పట్టుకోవచ్చు, గర్భిణులు మాత్రం వద్దు. మీరు కనీసం 2 మీటర్ల దూరంలో, ఎక్స్‌రే గొట్టానికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. స్విచ్ తీగ అంత పొడవు లేకపోతే ముందు అది మార్పించాలి.

ప్రశ్న: ఫిల్ములు పాలిపోయి వస్తున్నాయని మా డాక్టరుగారు ఎక్స్‌పోజర్ టైమ్ పెంచుతూ పోతున్నారు. సరైనదేనా?
– మరో పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు, ఫిల్మ్ కడిగే ద్రావణం (డెవలపర్‌)ది. ద్రావణం పాతబడినా చల్లబడినా ఫిల్మ్ తెల్లబోతుంది. టైమ్ పెంచితే ఆ లోపం కప్పబడిపోతుంది, అదనపు మోతాదు మాత్రం రోగి మోస్తాడు. కొత్త ద్రావణంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 5 నిమిషాలు కడిగి చూడండి. కంటికి చాలనిపించగానే బయటికి తీసే అలవాటు మానాలి. ఫిల్మ్ కొనేటప్పుడు డి స్పీడ్ బదులు తక్కువ కిరణాలతోనే బొమ్మ పడే ఎఫ్ స్పీడ్ తీసుకుంటే ఎక్స్‌పోజర్ సగానికి పైగా తగ్గుతుంది. మెషీన్ గొట్టం చివరి గుండ్రటి కోన్‌కు, కిరణాన్ని ఫిల్మ్ మేరకే కుదించే దీర్ఘచతురస్రపు కొలిమేటర్ తగిలిస్తే ఏప్రాన్ కంటే మేలు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో ఏప్రాన్, మెడకు కట్టే థైరాయిడ్ కాలర్ మామూలుగా అక్కర్లేదనేసింది, కిరణాన్ని కుదించడమే ముఖ్యమంది. మన దగ్గర మాత్రం ఏప్రాన్ తీసేయకండి, అందుబాటులో గోడకు తగిలించే ఉంచండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ మెషీన్ కొన్నాను. లైసెన్సు కావాలా?
– ఒక దంత వైద్యురాలు, తెనాలి

జవాబు: పాతదైనా సరే, అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి లేకుండా నడపకూడదు. దరఖాస్తు ఆ మండలి వారి ‘ఈ-లోరా’ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి. అమ్మినవారి పేరు మీదున్న అనుమతి మీకు చెల్లదు. క్వాలిటీ అష్యూరెన్స్ పరీక్ష రిపోర్టు లేని మెషీన్‌కు డబ్బు కట్టకండి.