చెరువు కట్ట మీద నడకకి, సైకిళ్ళకి కలిపి దారి: పైన ఏం వెయ్యాలన్నది తర్వాత, ముందు కింద సంగతి చూడండి

మీరడిగింది, తిరుపతి పక్కన మీ కాలనీ చెరువు కట్ట మీద దారి వెయ్యాల, పొద్దున వాకింగ్ చేసేవాళ్ళు, సైకిళ్ళ మీద స్కూలుకి పోయే పిల్లోళ్ళు ఇద్దరూ వాడుకోవాల, పేవర్ టైల్సా, కాంక్రీటా, క్వారీ డస్టా (క్రషర్‌లో రాయి కొట్టినప్పుడు వచ్చే రాతి పొడి) ఏది ఎక్కువ కాలం ఉంటుంది అని కదా. నేను ఈ చుట్టుపక్కలే రోడ్డు పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తా ఉండాను, కట్టల మీద దారులు కూడా వేయించినా. నా అనుభవంలో మూడింట్లో ఏది వేసినా నిలబడుతుంది, ఏది వేసినా ఒక్క వానకే పోనూ పోతుంది. తేడా అంతా కింద పరుపులోనూ, పడిన నీళ్ళు ఎటు పోతాయి అన్నదాంట్లోనూ ఉంది.

మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల, వాయుగుండం పట్టుకుంటే ఒక్క రాత్రిలో కుమ్మేస్తుంది. 2021 నవంబర్ వానలకి తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు నడక దారే దెబ్బతిని మళ్ళీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. కాబట్టి ఎండాకాలంలో చూడ్డానికి బాగుందా అని కాదు, ఆ వాన తట్టుకుంటుందా అని చూసుకోవాల.

మా పక్క మండలంలో ఒక కట్ట మీద పేవర్లు వేసినారు, టైల్ మంచిదే, కానీ రెండు పక్కలా అంచుని పట్టి నిలిపే కెర్బు రాళ్ళు పెట్టలేదు, కింద ఇసక మాత్రం పరిచి పైన పేర్చేసినారు. వాన కాలం దాటినాక పోయి చూస్తే అంచు వరస బయటికి జరిగింది, ఆ సందులోంచి ఇసక కారిపోయింది, దాని పక్క వరస కదిలిన పన్ను మాదిరి ఊగుతా ఉండాది, కాలు పెడితే టైలు కింద నుంచి బురద చిమ్ముతాది. సైకిల్ ముందు చక్రం ఆ సందులో పడిందంటే మనిషి చెరువులోకే.

పని ఎట్లా చెయ్యాలంటే, గడ్డి, వేర్లు, మెత్తని పైమట్టి తీసెయ్యాల, కానీ అది కట్ట కాబట్టి ఇరిగేషన్ వాళ్ళ అనుమతి లేకుండా గునపం కూడా దించొద్దు, లోతుగా తవ్వొద్దు, పైకే పోసుకుంటా రావాల. గ్రావెల్ అడుగు మందం ఒక్కసారే పోసి రోలర్ తిప్పితే పైన మాత్రం గట్టిపడి లోపల గుల్లగా ఉండిపోతుంది. ఆరేసి అంగుళాల చొప్పున పొరలుగా పోసి, ప్రతి పొరకీ నీళ్ళు చల్లి బేబీ రోలర్ తిప్పించండి. నీళ్ళు ఎంత అంటే, ఆ మట్టి పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కితే ముద్ద కావాల, చేతికి మాత్రం తడి అంటకూడదు. మేస్త్రీలు తొందరలో ట్యాంకర్ పైపు తెరిచి బురద చేసేస్తారు, అక్కడ మీరు ఎవరో ఒకరు నిలబడి చూసుకోవాల్సిందే. నేలలో నల్లరేగడి ఉంటే మట్టికీ గ్రావెల్‌కీ మధ్య జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే రెండూ కలిసిపోవు.

వాటం, అంటే నీళ్ళు జారిపోయే వాలు, మర్చిపోవద్దు. మీటరుకి రెండు సెంటీమీటర్లు చాలు, కట్ట మీద అయితే చెరువు వైపుకే ఇవ్వండి, అటు రాళ్ళు పేర్చిన రివిట్‌మెంట్ ఉంటుంది కాబట్టి నీళ్ళు దిగినా మట్టి కోసుకుపోదు, అదే పొలాల వైపు దించితే కట్టకే గండి మొదలవుతుంది.

వెడల్పు 3 మీటర్లకి తగ్గొద్దు. ఐఆర్‌సీ 103 (నడిచేవాళ్ళ దారులకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలు) ప్రకారం ఉత్త ఫుట్‌పాత్‌కే కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాల, అట్లాంటిది ఇద్దరు మాట్లాడుకుంటా నడుస్తా ఉంటే పక్కనుంచి సైకిల్ పోవాలి కదా.

ఇంక పైన ఏదంటే, చదునుగా ఉండే కట్టకి నేనైతే క్వారీ డస్టే వేస్తా. మన చిత్తూరు వైపు క్రషర్లకి కొదవ లేదు, పెద్దవాళ్ళ మోకాళ్ళకి సుఖం, ఎక్కడ గుంట పడినా రెండు గంపలు పోసి దిమ్మిసతో కొడితే సరిపోతుంది. డస్ట్ బదులు ఏటి ఇసక మాత్రం వద్దు, ఆ రేణువులు గుండ్రంగా ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. కట్ట ఎక్కే ర్యాంపు దగ్గర డస్ట్ నిలవదు, అక్కడ కాంక్రీటే, పది పన్నెండు అడుగులకొక జాయింటు, పైన చీపురుతో గీతలు, కనీసం ఏడు రోజులు తడుపుతా క్యూరింగ్. నున్నటి టైల్స్ ఎక్కడా వద్దు, తడిస్తే జారతాయి.

వీలైతే గ్రావెల్ పని వానలకి ముందే ముగించి, ఒక వాన కాలం అట్లాగే వదిలేసి, సంక్రాంతి అయినాక ఎక్కడ కుంగిందో సరిచేసి పైపొర వెయ్యండి. కాలనీలో అంతకాలం ఆగమంటే గొడవ చేస్తారు, అయినా ఒప్పించండి.

చివర్లో ట్రాక్టర్లు, ఆటోలు రాకుండా పోల్స్ పెడతారు కదా, మధ్యన సైకిలు పట్టేంత, ఆటో పట్టనంత సందు వదలండి, పోల్‌కి మెరిసే స్టిక్కర్ వెయ్యండి, చీకట్లో సైకిలోళ్ళు గుద్దుకుంటారు.

మొరవ (చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే చోటు) దగ్గర దారి ఎట్లా దాటిస్తున్నారో మీరు రాయలేదు. మొరవని పూడ్చి ఎత్తు చేస్తే మాత్రం నీళ్ళు కట్ట మీదనుంచి దూకుతాయి. అక్కడ పైనుంచి చిన్న వంతెన కావాల, డిజైన్ ఇరిగేషన్ ఇంజనీరు చేతే చేయించండి. ఫొటో పెడితే చూసి చెప్తా.