కాళ్లు నల్లగా ఉంటే లిటిల్ స్టింటేనా?

ఒడిశాలోని ఛత్రపురం తంపరా చెరువు అంచున పిచ్చుక కంటే చిన్న పిట్ట ఒక్కటే మేస్తోంది, కాళ్లు నల్లగా ఉన్నాయి కాబట్టి లిటిల్ స్టింటేనా అని అడిగారు. (స్టింట్లంటే నీటి అంచున మేసే బుల్లి వలస పిట్టలు.) కాదండీ, అది టెమ్మింక్ స్టింటే. మంచినీటి చెరువు, గడ్డి అంచు, జత లేని పిట్ట, ఒంగి ఒంగి మెల్లగా నడవడం... మీరు రాసిన ఆనవాళ్లన్నీ దానివే.

స్టింట్ అనగానే అందరూ కాళ్ల మీద పడతారు. టెమ్మింక్ కాళ్లది పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు. నల్ల బురద అంటుకుందంటే అంతా నలుపే. సూర్యుడు ఎదురుగా ఉంటే ఆ బురద కూడా అక్కర్లేదు. కాబట్టి ఎండ మీ వీపున పడేలా నిలబడి ముందు రొమ్ము చూడండి. టెమ్మింక్‌కి రొమ్మంతా బూడిద కలిసిన గోధుమరంగు. తెల్లటి పొట్ట మొదలయ్యే చోట ఆ రంగు టక్కున ఆగిపోతుంది. లిటిల్ స్టింట్‌కి చలికాలంలో రొమ్ము మధ్య తెలుపే, పక్కల మాత్రం కాస్త మాసినట్టుంటుంది. దాని తీరే వేరు: గుంపుగా దిగుతుంది, ఉరుకుతుంది, గబగబా పొడుస్తుంది, మళ్లీ ఉరుకుతుంది. ఉప్పుమళ్లలో, చిలికా సరస్సు బురదనేలల్లో కనబడే గుంపులు ఎక్కువగా ఇవే.

ఇంకా అనుమానముంటే అది లేచేదాకా ఓపిక పట్టండి. టెమ్మింక్ నిటారుగా పైకి లేస్తుంది, తిర్ర్ర్ అని గొంతు వణికిస్తుంది, తోక అంచులు తెల్లగా మెరుస్తాయి. లిటిల్ స్టింట్‌ది పొట్టిగా 'టిట్' అనే కూత, తోక పక్కలు బూడిదరంగు. తోక చూడాలని చప్పట్లు కొట్టి లేపకండి. చిలికా ఒడ్డున మంగళాజోడిలో పిట్టల్ని చూపించే పడవవాణ్ణి 'ఇంకొంచెం దగ్గరికి' అని పీడించేవాళ్లకీ ఇదే మాట. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పిట్ట, దాన్ని మేయనివ్వండి.

పసుపు కాళ్లతో లాంగ్‌టోడ్ స్టింట్ కూడా ఉంది. దాని రొమ్ము మీద సన్నటి చారలుంటాయి, మెడ సాచి నిలబడుతుంది. మన వైపు అరుదు.

నల్లకాళ్ల గుంపులో రెడ్‌నెక్డ్ స్టింట్‌ని పట్టేశామని జనవరిలో ఫోన్ ఫొటోలు పెట్టేవాళ్లతోనే నాకు పేచీ. చలికాలపు ఈకల్లో లిటిల్ స్టింట్‌నీ రెడ్‌నెక్డ్ స్టింట్‌నీ మసక ఫొటోలో ఎవరూ విడదీయలేరు. జాబితాలో 'స్టింట్' అని రాసి ఊరుకోండి. ఏప్రిల్‌లో మెడకి ఎరుపు తిరుగుతున్నప్పుడు మళ్లీ చూడొచ్చు.