మూకీల్లో స్వలింగ ప్రేమ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 1919 నాటి జర్మన్ మూకీ 'ఆండర్స్ ఆల్స్ డీ ఆండెర్న్' చూశాను. యాభై నిమిషాలే ఉంది. కథ గెంతుతోంది, మధ్యలో ఫొటోలు వస్తున్నాయి. నాకు దొరికింది పాడైపోయిన కాపీయా?

జవాబు: కాదండీ, మిగిలిందే అంత. 1918 నవంబరు విప్లవంతో జర్మనీలో సెన్సారు పోయింది. ఆ సందులో దర్శకుడు రిచర్డ్ ఓస్వాల్ట్, లైంగికతపై పరిశోధన చేసిన డాక్టర్ మాగ్నుస్ హిర్ష్‌ఫెల్ట్ కలిసి ఈ సినిమా తీశారు. 1920లో సెన్సారు చట్టం మళ్లీ వచ్చింది. ఆ ఏడే మామూలు ప్రేక్షకులకు దీన్ని నిషేధించి, డాక్టర్లకూ పరిశోధకులకూ మాత్రం చూపొచ్చన్నారు. 1927లో హిర్ష్‌ఫెల్ట్ దీన్ని కుదించి తన మరో చిత్రంలో కలిపాడు. ఉక్రేనియన్ టైటిల్ కార్డులున్న ఒక కాపీ సోవియట్ ఆర్కైవ్‌లో బతికింది. ఇప్పుడు మనం చూసేది దాని నుంచి కూర్చిందే.

ఫొటో, దాని పక్కన వివరణ వచ్చిన చోటల్లా ఒక సీను పోయిందని లెక్క. వాటిని దాటేస్తే కథ తెగిపోతుంది, ఆగి చదవండి. మొదట్లో వయొలిన్ విద్వాంసుడు పాల్ కోర్నర్ (కాన్‌రాట్ ఫైట్) పేపర్లో ఆత్మహత్యల వార్తలు చదువుతుంటాడు. ఆ చావుల వెనక జర్మన్ శిక్షాస్మృతిలోని 175వ సెక్షన్ ఉందని అతనికి తెలుసు. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ అది. ఫిర్యాదు చేయాలంటే తన 'నేరం' తానే ఒప్పుకోవాలి, అందుకే బ్లాక్‌మెయిల్ చేసేవాడికి అది ఆయుధమైంది. అయినా కోర్నర్ తనను బెదిరించి డబ్బు గుంజుతున్నవాడి మీద కోర్టుకెక్కుతాడు. బెదిరించినవాడికి మూడేళ్లు, కోర్నర్‌కు వారం రోజుల జైలు. ఆ వారమే అతని కచేరీలనూ పరువునూ తుడిచిపెడుతుంది, అతను విషం తాగుతాడు. సినిమా వాదనంతా ఆ వారం శిక్షలోనే ఉంది, నా మటుకు ఇంతకంటే పదునైన కోర్టు సీను మూకీల్లో లేదు. చివర్లో ఒక చెయ్యి చట్టపుస్తకంలో 175ను కొట్టేస్తుంది. నిజంగా ఆ సెక్షన్ పోయింది 1994లో.

ప్రశ్న: పాత మూకీల్లో మనుషులు గబగబా నడుస్తుంటే ప్రేమ సన్నివేశం కూడా కామెడీలా ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: తప్పు నటులది కాదు, వేగానిది. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని 24తో ఆడిస్తే గంట సినిమా 45 నిమిషాల్లో అయిపోతుంది. నెమ్మదిగా భుజం మీద వాలాల్సిన చెయ్యి చరిచినట్టు పడుతుంది. ప్లేయర్‌లో వేగం 0.75 పెట్టి, పాట సాగిపోతుంది కాబట్టి ధ్వని ఆపేయండి. పునరుద్ధరించిన కాపీల్లో సాధారణంగా వేగం సరిచేసే ఉంటుంది. నడక సహజంగా ఉంటే ముట్టుకోవద్దు, ఇంకా తగ్గిస్తే ఈదుతున్నట్టుంటారు.

ప్రశ్న: ఎడిసన్ స్టూడియోలో ఇద్దరు మగవాళ్లు నాట్యం చేసే చిన్న ఫిల్మే తొలి స్వలింగ ప్రేమ చిత్రమంటున్నారు. నిజమేనా?

జవాబు: అలా అనలేం. 1890ల మధ్యలో ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ బొమ్మనూ ధ్వనినీ జోడించడానికి చేసిన ప్రయోగం అది. ఆయన ధ్వనిని పట్టే గరాటులాంటి కొమ్ము ముందు వయొలిన్ వాయిస్తుంటే ఇద్దరు అడుగులు వేస్తారు, నిడివి అర నిమిషం కూడా ఉండదు. మగవాళ్లు జతగా ఆడటం అప్పట్లో వింత కాదు.

తొలినాటి ప్రేమకథ కావాలంటే మౌరిట్స్ స్టిల్లర్ 1916లో స్వీడన్‌లో తీసిన 'వింగార్నె' చూడండి. హెర్మాన్ బాంగ్ నవల దానికి ఆధారం, అదే నవలను 1924లో డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ మళ్లీ తీశాడు. స్టిల్లర్ చిత్రంలో శిల్పి జోరె తన మోడల్ మికాయెల్‌ను దత్తత తీసుకుంటాడు, ప్రేమ మాట ఎక్కడా పైకి రాదు. శిల్పాన్ని చూడండి: గద్దతో యువకుడు. దేవతల రాజు జ్యూస్ గద్దగా వచ్చి గానిమీడ్ అనే అందగాణ్ణి ఎత్తుకుపోయాడన్న గ్రీకు కథ తెలిసిన ప్రేక్షకుడికి ఆ బొమ్మ ఒక్కటీ చాలు.