గర్భసంచి తీయించేయమంటున్నారు... 33 ఏళ్లకే అవసరమా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు. 22 ఏళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఏడాదిగా నెలసరి 8, 9 రోజులు ఉంటోంది, గడ్డలు గడ్డలుగా పడుతోంది. శనక్కాయ చేలో కలుపు తీస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. స్కాన్‌లో గర్భసంచి కొంచెం పెద్దదైందన్నారు. ‘పిల్లలు అయిపోయారు కదా, తీయించేస్తే పీడ పోతుంది’ అని మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు చెప్పాడు. మా అత్తకు, వదినకు కూడా తీసేశారు. పొదుపు సంఘంలో లోను తీసుకోమని మా ఆయన అంటున్నారు. చేయించుకోవాలా? - ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడు మీకు కావాల్సింది ఆపరేషన్ కాదు, వైద్యం. ముందు రక్తం పెరగాలి. బ్లీడింగ్ ఎందుకు ఎక్కువవుతోందో తేలాలి. ఆ రెండూ కాకముందు లోను తీసుకోకండి.

గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 8 కంటే తగ్గితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటాం. మీరు ఆ గీత కింద ఉన్నారు. ఈ స్థితిలో మత్తు ఇచ్చి పొట్ట కోయడమే ఒక ప్రమాదం. ఒకవేళ మీకు నిజంగా ఆపరేషన్ అవసరమైనా, మంచి సర్జన్ ఎవరైనా ముందు రక్తం పెంచుకుని రమ్మంటారు.

ఇక బ్లీడింగ్ సంగతి. థైరాయిడ్ తేడా, హార్మోన్ల తేడా, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (కండ గడ్డలు), పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), రక్తం గడ్డకట్టడంలో లోపం... ఇలా కారణాలు చాలా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో మందు. మీ ఉత్తరంలో థైరాయిడ్ పరీక్ష మాటే లేదు. పిల్లల ఆపరేషన్ వల్లే ఇలా అయిందని మీ వైపు చాలామంది అనుకుంటారు, ఆ అనుమానం పెట్టుకోకండి. ఆ ఆపరేషన్‌లో ట్యూబులకే ముడి వేస్తారు, గర్భసంచి జోలికి పోరు.

స్కాన్ గురించి కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లు తెచ్చే కాగితాల మీద ‘బల్కీ యుటెరస్’ (గర్భసంచి కాస్త పెద్దదైంది) అనే రెండు మాటల కింద ఎవరో పెన్నుతో గీత గీసి ఉంటారు. ఆ గీత చూసి ఇంటిల్లిపాదీ వణికిపోతారు. ఇద్దరు బిడ్డల్ని మోసిన గర్భసంచి కాస్త పెద్దదిగా కనబడటం చాలావరకు మామూలే. అది క్యాన్సర్ కాదు, అదొక్కటే క్యాన్సర్‌కు గుర్తు కూడా కాదు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ భయం ఉంటే దానికి పాప్ స్మియర్ అనే చిన్న పరీక్ష ఉంది. 30 దాటిన ప్రతి ఆడమనిషీ చేయించుకోవాల్సిందే. భయంతో అవయవం తీయించుకోవడం పరీక్ష కిందికి రాదు.

కారణం తేలాక మందులతో చూస్తాం. నెలసరి రోజుల్లో బ్లీడింగ్ తగ్గించే ట్రనెగ్జామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, హార్మోన్ మాత్రలు ఉన్నాయి. కాపర్-టీ లాగా గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం కూడా ఉంది. అది కొన్నేళ్లపాటు పనిచేస్తుంది, చాలామందికి బ్లీడింగ్ బాగా తగ్గిస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే, లేదా పెద్ద ఫైబ్రాయిడ్లు గానీ క్యాన్సర్ గానీ ఉంటే అప్పుడు గర్భసంచి తీయడం సరైన వైద్యమే. అలాంటప్పుడు నేనే చేయించుకోమంటాను. కానీ 33 ఏళ్లకు అది చివరి మెట్టు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ (ముట్లు ఆగిపోయే దశ) మొదలవుతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు వస్తాయి. అండాశయాలు ఉంచినా కొందరికి మెనోపాజ్ ముందే వస్తుంది. మీ వదినకు ఆపరేషన్ తర్వాత నడుం నొప్పి, కీళ్ల నొప్పులు ఏమైనా మొదలయ్యాయా? ఒకసారి అడిగి చూడండి.

మీ అత్తకు, వదినకు, ఇప్పుడు మీకు... ఒకే ఇంట్లో ముగ్గురు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది చిల్లర. మన ఆంధ్రప్రదేశ్‌లో 8 మందికి పైనే. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే బలహీనమైనవి కావు. చేలో మరుగుదొడ్డి ఉండదు, నీళ్లుండవు, ఒక్కరోజు మానితే కూలి పోతుంది. ఇరవై రెండేళ్లకే పిల్లల ఆపరేషన్ అయిపోతుంది, ‘ఇంకెందుకది’ అనే మాట ఆ రోజే మొదలవుతుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలి ఆడవాళ్లు పనిదినాలు పోకుండా ఉండాలని గర్భసంచులు తీయించుకుంటున్న సంగతి 2019లో దేశమంతా తెలిసింది. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘ఎందుకు తీయాలి, వేరే వైద్యం లేదా’ అని డాక్టర్‌ని అడగడం మీ హక్కు. జవాబు చెప్పలేని చోట సంతకం పెట్టకండి.

మీ ఆయన కూడా ఇది చదవాలని కోరుకుంటున్నాను. పిల్లలు వద్దనుకున్నప్పుడు మగవాళ్లకు చేసే వేసెక్టమీ, ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీ కంటే తేలిక, పొట్ట కోయనక్కర్లేదు, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. అయినా అదే సర్వేలో దేశం మొత్తం మీద పెళ్లైన జంటల్లో ఆడవాళ్లకు ఆపరేషన్ అయినవి 37.9 శాతం, మగవాళ్లకు అయినవి 0.3 శాతం. తిండి దగ్గరా ఇంతే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం రోజుకు మగవాళ్లకు 19 మిల్లీగ్రాముల ఐరన్ చాలు, మీ వయసు ఆడవాళ్లకు 29 కావాలి. ఎక్కువ కావాల్సిన మనిషి అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి, పల్చటి పులుసుతో సరిపెట్టుకుంటోంది. కూరలో గుడ్డు, ముక్క ఉంటే అవి ముందే అయిపోతాయి. మీ ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంటే ఆ బిడ్డ కంచం కూడా చూడండి, రక్తం పరీక్ష చేయించండి.

వానలు సరిగా పడని మన జిల్లాలో మగవాళ్లు బెంగళూరు పనులకు పోతే చేను, పశువులు, అత్తమామలు, పిల్లల చదువు అన్నీ నడిపేది ఆడవాళ్లే. 7.8 హిమోగ్లోబిన్‌తో ఆ బరువు ఎన్నాళ్లు మోస్తారు? ఆమె పడిపోతే ముందు బడి మానేది ఇంట్లో ఆడపిల్లే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లండి. మీ ఆయన్నీ తీసుకెళ్లండి. కానీ నెలసరి గురించి డాక్టరు అడిగితే జవాబు మీరే చెప్పండి. నేను ఆడమనిషిని అడిగితే పక్కన ఉన్న భర్త జవాబు చెప్పడం రోజూ చూస్తున్నాను, ఎన్ని గుడ్డలు మార్చారో ఆయనకు తెలియదు కదా. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గుడ్డలు, గడ్డలు ఎంత సైజు అనేది రాసి పెట్టుకుని వెళ్లండి. రక్తం పరీక్ష, థైరాయిడ్, పాప్ స్మియర్ అడగండి, పాత స్కాన్ చూపించండి. మీ స్థాయికి ఐరన్ సెలైన్‌లో ఎక్కించాలా, మాత్రలు చాలా అనేది వాళ్లు తేలుస్తారు.

మాత్రలు ఇస్తే టీ, పాలతో వేసుకోవద్దు. వేసుకోవడానికి గంట ముందు, వేసుకున్నాక గంట వరకు టీ ముట్టొద్దు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మంచిది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడి మానేయకండి. కడుపులో తిప్పితే రాత్రి తిన్నాక వేసుకోండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి. రాగి సంగటి, ఉలవలు, ఆకుకూరలు, గుడ్లు, కాలేయం అన్నీ తినండి, కానీ తిండితోనే 7.8ని పైకి తేలేం.

ఈలోగా గంటకో గుడ్డ తడిసిపోతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడదడలాడినా, స్పృహ తప్పినా ఓపీ రోజు కోసం ఎదురుచూడొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.